పున్నమి పెట్టిన పేర్లు

ఫాల్గుణ మాసమున బహుళ పక్షము ముగిసెడి అమావాస్యను ఉత్తరాంధ్ర ప్రజలు కొత్త అమావాస్య యని పిలుతురు. పంచాంగమును బట్టి చూచినచో అది గతించుచున్న సంవత్సరమునకు కట్టకడపటి దినమే గాని, కొత్తదన మేమియు దానికి లేదు. అయినను మఱునాడు ఉగాది వచ్చుచున్నది గనుక, ఆ రాకను ఒకనాడు ముందుగనే లెక్కలోనికి తీసికొని, పాతయేటి చివరి దినమునకే జనులు కొత్త పేరు పెట్టుకొనిరి. అనకాపల్లిలో నూకాంబికా అమ్మవారి జాతర ఆ దినముననే ప్రారంభమగును. చుట్టుపట్ల పల్లెలనుండియు, విశాఖపట్టణము మొదలుకొని శ్రీకాకుళము వఱకుగల ఊళ్ళనుండియు వేలకొలది జనులు పసుపు కుంకుమలతోను మ్రొక్కుబడులతోను అమ్మవారి కోవెలకు తరలివత్తురు. ఆ సందడి ఒక్కనాటితో తీరక చైత్రమాస మంతయు సాగును. జాతర ఎప్పుడని ఊరివారి నడిగినచో మార్చి యనియో ఏప్రిలనియో చెప్పువారు అరుదు. కొత్త అమావాస్యకనియే చెప్పుదురు. విశాఖపట్టణము జిల్లానుండి వేఱుపడి అనకాపల్లి జిల్లా ఏర్పడిన దినము ప్రభుత్వ లెక్కలలో 2022 ఏప్రిల్ 4వ తేదీ. పంచాంగములో అదే దినము శుభకృత్ నామ సంవత్సర చైత్ర శుద్ధ తదియ. ఈ రెండు లెక్కలును మన యిండ్లలో ఒకే గోడమీద, ఒకే కాగితముమీద, కలహము లేక కాపురము చేయుచున్నవి.

మాసముల పేర్లు మనకు చిన్ననాడే కంఠస్థమగును. చైత్ర వైశాఖములని మొదలుపెట్టి ఫాల్గుణము వఱకు ఊపిరి తిప్పుకొనకుండ అప్పజెప్పిన బాలుని చూచి పెద్దలు సంతోషింతురే గాని, ఆ పేర్లు ఏల వచ్చెనని అడిగిన బాలుడును, అడిగినప్పుడు చెప్పిన పెద్దయును అరుదు. నిజమునకు ఈ పండ్రెండింటిలో ఒక్కటియు రాజుపేరు కాదు, దేవుని పేరును కాదు. ప్రతిదియు ఒకానొక రాత్రి తలయెత్తి ఆకసమును చూచినవాడు చెప్పిపోయిన సాక్ష్యము. మన భాషయే ఆ సంగతి దాచలేదు. అచ్చ తెనుగున నెల యనగా చంద్రుడు. నెలవంక యనునప్పుడును, వెన్నెల యనునప్పుడును మనము పలుకుచున్నది ఆ చంద్రునే. ఆతడు క్షీణించి, మఱల పెరిగి, మఱల క్షీణించిన కాలమునకు ఆతని పేరే నిలిచినది. జీతము నెలకు వచ్చునను ఉద్యోగియు, నెలకింతయని అద్దె కట్టువాడును, తెలిసియో తెలియకయో చంద్రుని లెక్కతోనే మాటాడుచున్నారు.

ఇక పేర్లు పుట్టిన విధమును చూతము. చంద్రుడు నక్షత్రముల నడుమ ఒక చుట్టు తిరిగివచ్చుటకు 27 దినములకు కొంచె మెక్కువ పట్టును. అందుచేత ప్రాచీనులు ఆతని మార్గమును 27 భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు అందలి ప్రధానమైన చుక్క పేరో, చుక్కల గుంపు పేరో పెట్టిరి. అశ్విని మొదలు రేవతి వఱకు గల నక్షత్రములు అవియే. పూర్ణిమనాటి రాత్రి చంద్రుడు ఏ నక్షత్రము చెంత నుండునో ఆ నక్షత్రము పేర ఆ మాసము ప్రసిద్ధమైనది. చిత్తతో కూడిన పూర్ణిమ చైత్రి. ఆ చైత్రి గల మాసము చైత్రము. విశాఖతో కూడినది వైశాఖి. దానిని బట్టి వైశాఖము. జ్యేష్ఠ, ఆషాఢ, శ్రవణము, భాద్రపద, అశ్విని, కృత్తిక, మృగశిర, పుష్యమి, మఖ, ఫల్గుని యని తక్కిన మాసములును ఈ తీరుననే నడచినవి. అశ్వినికి అశ్వయుక్కని మఱియొక పేరు గలదు గనుక మనవారు ఆశ్వయుజ మనిరి. ఉత్తరాది వారు అశ్విని పేరనే ఆశ్విన మనిరి. ఈ పేర్లు ఏర్పడు విధమును గూర్చి పాణిని తన అష్టాధ్యాయిలో ప్రత్యేకముగా ఒక సూత్రమునే చేసినాడనగా, ఆ మహావైయాకరణుని నాటికే ఈ వాడుక లోకమున ఎంత స్థిరపడినదో ఊహింపవచ్చును.

మన ప్రాంతము వారికి వైశాఖమన్నచో మఱింత మమకార ముండుట సహజము. విశాఖపట్టణమునకు ఆ పేరు వైశాఖేశ్వరుని ఆలయమువలన వచ్చినదని జనశ్రుతి కలదు. ఆ ఆలయమును సముద్రము మ్రింగినదని కూడ పెద్దలు చెప్పుదురు. విశాఖుడనగా కుమారస్వామి, ఆ స్వామి పేరునకును, తులారాశియందలి చుక్కల పేరునకును మూలమొకటే. కథలోని చారిత్రక సత్య మెంతయో గాని, సముద్రతీరపు మహానగరమును, ఎండలు మండు నెలయు ఒకే నక్షత్రనామమును పంచుకొనుచున్నవను మాట మాత్రము సత్యము. సింహాచల నరసింహస్వామి నిజరూప దర్శనము ఆ వైశాఖ మాసముననే, శుద్ధ తదియనాడు, చందనోత్సవముగా జరుగును. ఆషాఢ పూర్ణిమకు ఆ కొండచుట్టు 32 కిలోమీటర్లు కాలినడకను చేసెడి గిరిప్రదక్షిణమున నడచు భక్తులకు తలపై వెలుగుచుండు చంద్రుడే ఆ మాసమునకు నామకరణము చేసినవాడు.

ఇచ్చట ఒక సందేహము పొడముట న్యాయము. నక్షత్రములు 27, మాసములు 12. మిగిలిన పదునైదును ఏమైనవి? పూర్ణిమ నెలనెలకు ఆకాశమున 29 అంశలకు కొంచెము మించి ముందుకు జరుగును. ఒక్కొక్క నక్షత్రము వెడల్పు 13 అంశల 20 కలలు. కనుక పూర్ణిమ నెలకు రెండేసి నక్షత్రములను దాటి, అప్పుడప్పుడు మూడవదానిపై కాలుమోపుచుండును. ఈ కారణముచేతనే కార్తిక పూర్ణిమ ప్రతియేటను సరిగా కృత్తికయందే పడవలెనను నియమము లేదు. ఒక యేడు భరణిలోనో, మఱియొక యేడు రోహిణిలోనో పడవచ్చును. సూర్యసిద్ధాంతకారుడు దీనికి చక్కని ఏర్పాటు చూపినాడు. తొమ్మిది మాసములకు రెండేసి నక్షత్రములును, ఫాల్గుణ భాద్రపద ఆశ్వయుజములకు మూడేసి నక్షత్రములును కేటాయించినాడు. పదునెనిమిదియు తొమ్మిదియు కలిసి 27 సరిపోయినవి. కృత్తికా రోహిణులు కార్తికమునకు, మృగశిర ఆర్ద్రలు మార్గశిరమునకు, పూర్వఫల్గుని ఉత్తరఫల్గుని హస్తలు ఫాల్గుణమునకు చెందినవి. అనగా ఏ చుక్కయు వృథాపోలేదు. కొన్ని పేరునిచ్చినవి, కొన్ని వానికి తోడు నిలిచినవి.

ఈ విషయమున నాకు అన్నిటికంటె ఆశ్చర్యము గొలుపునది రైతుల కార్తెలకును, పురోహితుల మాసములకును గల సంబంధము. అనకాపల్లి మండలమందలి ఏ చెరకురైతు నడిగినను కార్తెలపేర్లు వేళ్ళమీద చెప్పును. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుననియు, మృగశిర కార్తె ప్రవేశింపగనే తొలకరి పలుకరించుననియు, మఖ పుబ్బలు వరపైనచో కరవు తప్పదనియు తరతరముల మాట. ఇప్పుడొకింత జాగ్రత్తగా పరికింపుడు. మృగశిర కార్తె వచ్చునది జూన్ 8వ తేదీ ప్రాంతమున. మార్గశిర మాసము వచ్చునది డిసెంబరు చుట్టుపట్ల. మఖ కార్తె ఆగస్టు నడుమ. మాఘ మాసము ఫిబ్రవరి నాటికి. కృత్తిక కార్తె మే నెలలో. కార్తిక మాసము నవంబరులో. చిత్త కార్తె అక్టోబరున, చైత్రము ఏప్రిలున. ఏ జంటను తీసికొన్నను నడుమ ఆరు నెలల ఎడమే యుండును. నక్షత్రము ఒక్కటి, పేరు ఒక్కటి, కాని కాలములు సంవత్సరమున ఎదురెదురు కొసలందున్నవి. ఇది ఎట్లు సంభవించినది?

సమాధానము సులభమైనది, సుందరమైనది. కార్తె యనగా సూర్యుడు ఒక నక్షత్రమునందు వసించు కాలము. సంవత్సరమును 27 చేత భాగించినచో వచ్చెడి పదుమూడు పదునాలుగు దినములు. మాసనామము చంద్రుడు పూర్ణిమనాడు వసించు నక్షత్రమును బట్టి వచ్చినది. పూర్ణిమ యనగా సూర్యచంద్రులు భూమికి చెరియొక ప్రక్కను ఎదురెదురుగ నిలుచుట. చంద్రుడు మఖ దగ్గఱ నిండుగా వెలుగుచున్ననాడు సూర్యుడు మఖకు సరిగా ఆవలి ప్రక్కన ఉండును. ఆ మఖ కడకు ఆతడు చేరవలెనన్న ఆరు నెలలు నడువవలెను. కాబట్టి మాఘ మాసమున మఖ రాత్రియంతయు మన తలపై వెలుగును. మఖ కార్తెలో అదే నక్షత్రము సూర్యకాంతిలో మునిగి మన కంటికే కనబడదు. పురోహితుడు కనబడు చుక్కను బట్టి పేరు చెప్పినాడు. కర్షకుడు కనబడని చుక్కను లెక్కగట్టి విత్తులు చల్లినాడు. ఒకే ఆకాశమును ఇరువురును ఇరుప్రక్కల నుండి చదివిరి. చదువెఱుగని పల్లెవాడు మూఢనమ్మకముచేత కార్తెలు పట్టుకొని వ్రేలాడుచున్నాడని తలచువారు ఈ ఒక్క సంగతిని యోచించినచో, ఆ లెక్కకు వెనుకనున్న శాస్త్రము ఎంత నిర్దుష్టమైనదో గ్రహింతురు.

నక్షత్రముల పేర్లు రాకమునుపు మాసములకు వేఱు పేర్లుండెడివి. తైత్తిరీయ సంహితయందును, వాజసనేయి సంహితయందును మధు మాధవములు, శుక్ర శుచులు, నభో నభస్యములు, ఇషోర్జములు, సహస్సహస్యములు, తపస్తపస్యములని ఋతువునకు రెండేసి చొప్పున పండ్రెండు నామములు కానవచ్చును. తేనె చిందు వసంతమునకు మధు మాధవములు; మండు గ్రీష్మమునకు శుక్ర శుచులు; మబ్బు క్రమ్ము వర్షర్తువునకు నభో నభస్యములు; పంట చేతికివచ్చి అన్నమును బలమును కలిగించు శరత్తునకు ఇషోర్జములు. ఎంత కమ్మని పేర్లు! మన కవులు చైత్రమును మధుమాసమని ఇప్పటికిని వర్ణించుచునే యున్నారు. అయినను లోకవ్యవహారమున అవి నిలువలేదు, చుక్కల పేర్లు నిలిచినవి. దీనికి కారణము నాకు తోచినంతవఱకు ఇది: వాతావరణమును బట్టి పెట్టిన పేరు పుట్టిన దేశమును విడిచి దూరము పోజాలదు. శరత్తనగా నిర్మలాకాశమని ఉత్తరదేశపు ఋషి నిర్ణయించినాడు. కాని మన తూర్పుతీరమున తుపానులు విరుచుకొనిపడునది తఱచుగా ఆ శరత్తులోనే. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖ తీరమును తాకి చెట్టు చేమలను కూకటివ్రేళ్ళతో పెల్లగించిన హుద్‌హుద్ తుపాను ఆశ్వయుజ బహుళమున వచ్చినదే. ఋతువు ఊరూరికిని మారును. చిత్త విశాఖలు హిమాలయమునుండి కన్యాకుమారి వఱకు ఒకటియే. ఫ్రెంచి విప్లవకారులు 1793లో పాత పేర్లనెల్ల త్రోసివేసి పొగమంచు నెల, ఎండ నెల, మొలకల నెల యని పారిస్ వాతావరణమును బట్టి కొత్తపేర్లు కల్పించిరి. అవి 1806 జనవరి 1వ తేదీకే రద్దయ్యెను.

చంద్రుని నమ్ముకొన్న లెక్కకు ఒక చిక్కు కలదు. పండ్రెండు చాంద్రమాసములు కలిసి 354 దినములు. సూర్యుని సంవత్సరము 365 దినములకు పైన. ఏటేట 11 దినములు వెనుకబడుచుండును. దీనిని సవరింపకున్న ఉగాది కొన్నాళ్ళకు సంక్రాంతిలోనికిని, ఇంకను కొన్నాళ్ళకు నేడు దీపావళి వచ్చెడి దినములలోనికిని జరిగిపోవును. హిజరీ లెక్క నాచరించు ముస్లిము సోదరులు ఈ సవరణ చేసికొనరు గనుకనే రంజాను ఒక యేడు ఎండలలోను, ఒక యేడు చలిలోను వచ్చుచు, ముప్పదిమూడేండ్లు కావచ్చుసరికి ఋతువు లన్నిటిని చుట్టివచ్చును. తీవ్రమైన వేడిమి యను అర్థము గల ధాతువునుండి పుట్టిన ఆ పేరు మాత్రము అట్లే యున్నది. మనవారు అధికమాసమును కల్పించిరి. సూర్యుడు ఒక రాశినుండి మఱియొక రాశికి మారుట సంక్రమణము. ఏ చాంద్రమాసమున సంక్రమణము జరుగదో అది అధికమాసము. దానికి సొంత పేరు లేదు. వెనువెంట రానున్న నిజమాసము పేరునే తాను ధరించును. 2023లో శ్రావణమును, 2026లో జ్యేష్ఠమును ఇట్లు రెండేసి మాఱులు వచ్చినవి. అరుదుగా ఒకే మాసమున రెండు సంక్రమణములు జరిగినచో ఒక పేరు లోపించును. దానినే క్షయమాస మందురు. 1822-23 తరువాత 141 ఏండ్లకు 1963-64లోను, ఆ పిమ్మట 19 ఏండ్లకే 1982-83లోను అట్లు జరిగినది. పంచాంగకర్తలు తమలో తాము వాదులాడుకొనుటకు ఇంతకంటె పెద్ద సందర్భము మఱియొకటి లేదు.

సంక్రాంతి మాత్రము సూర్యుని పండుగ. అందుచేతనే ఉగాది మార్చి నడుమనుండి ఏప్రిల్ నడుమ వఱకు ఊగిసలాడుచుండగా, సంక్రాంతి జనవరి 14, 15 తేదీలను విడిచిపోదు. ధనుస్సులో సూర్యుడు ప్రవేశించుటను నెలగంట పట్టుట యని మన పల్లెలవారు చెప్పుకొందురు. అనకాపల్లి బెల్లపు మార్కెట్టులో ఆ దినములనుండియే సందడి హెచ్చును. గానుగాడిన చెరకురసమును పెద్ద పెనములలో మరగకాచి, పాకము ముదిరిన పిదప అచ్చులలో పోసి, గట్టిపడినమీదట తీసిన దిమ్మలను వరుసలుగ పేర్చి యుంచుదురు. కొన్ని మేలిమి పసుపుచాయ, కొన్ని ఎఱుపు, కొన్ని నలుపు. కొనవచ్చినవాడు తొలుత చూచునది ఆ రంగునే. ధరయు దానిని బట్టియే పలుకును. వర్తకుని లెక్కపుస్తకములో జనవరి, ఫిబ్రవరి యని తేదీలు పడుచున్నను, పొలమునుండి వచ్చిన రైతు సంక్రాంతికి ఇంత, శివరాత్రికి ఇంత, కొత్త అమావాస్యకు ఇంత యని తన రాబడిని తలచుకొనును. ఆ మూడింటిలో మొదటిది సూర్యునిది, తక్కిన రెండును చంద్రునివి.

శివరాత్రి మాట వచ్చినది గనుక మఱియొక విశేషము. మనకది మాఘ బహుళ చతుర్దశి. ఇచ్ఛాపురము దాటి ఒడిశాలో అడుగిడినచో అదే రాత్రి ఫాల్గుణ కృష్ణ చతుర్దశి యగును. మన కృష్ణాష్టమి శ్రావణమున, వారిది భాద్రమున. మన దీపావళి ఆశ్వయుజ అమావాస్య, వారిది కార్తిక అమావాస్య. దినములలో భేదము లేదు, పేర్లలోనే భేదము. మనము అమావాస్యతో మాసమును ముగింతుము. వారు పూర్ణిమతో ముగింతురు. అందుచేత శుక్లపక్షమున ఇరువురి మాసమును ఒకటియే యగుచు, బహుళపక్షమున వారు మనకంటె ఒక పేరు ముందుందురు. పౌర్ణమాసి యను పదమే మాసము పూర్ణమగు తిథి యని చెప్పుచున్నది గనుక పూర్ణిమాంతమే ప్రాచీనతరమని పలువురు పండితుల అభిప్రాయము. నాకును అది యుక్తియుక్తముగా తోచుచున్నది. ఆ లెక్కను కొత్త అమావాస్య కన్వయించి చూచినచో అది చైత్రమాసపు నట్టనడుమ పడును. ఇరు లెక్కల సరిహద్దున నివసించు మనము ఈ భేదమును తెలిసియుండుట అవసరము. తెలియక, పండుగ తప్పు దినమున చేయుచున్నారని పొరుగువారిని తప్పుపట్టుట కంటెను అవివేకము లేదు. మన్యమునందలి గిరిజనులు ఇటుకల పండుగను చైత్రముననే చేసికొని వేటకు వెడలుదురు. వారి చైత్రమును మన చైత్రమును చూచుచున్నది ఒకే చంద్రుని.

ఏడాదికి మొదటి మాసముగా చైత్రమే అనాదినుండి యున్నదని తలపరాదు. వేదాంగజ్యోతిషము మాఘ శుక్లముతో ఆరంభించును. మార్గశిరమునకు ఆగ్రహాయణమను పేరు కలదు. అనగా సంవత్సరమునకు అగ్రమున నున్నది. మాసములలో తాను మార్గశీర్షమునని భగవంతుడు చెప్పినట్లు గీతయందు పదియవ అధ్యాయమున నున్నది. దీనినే ఆధారముగ గొని, ఒకప్పుడు వసంత విషువము మృగశిరయందుండెనని బాలగంగాధర తిలక్ 1893లో ప్రకటించిన తన గ్రంథమున వాదించెను. కాలనిర్ణయము నందఱును అంగీకరింపలేదు గాని చర్చకు అది పెద్ద దారి తీసినది. శాస్త్రచర్చతో పనిలేకయే విశాఖపట్టణమునందలి బురుజుపేట కనకమహాలక్ష్మి కోవెలయందు మార్గశిర లక్ష్మివారములు నేటికిని ఆ మాసపు అగ్రగణ్యతను చాటుచున్నవి.

పుష్యమికి తిష్యమనియు ప్రాచీన నామము. కళింగ దేశమునకై ధౌలి జౌగడలలో ప్రత్యేకముగ చెక్కించిన శాసనములను తిష్య నక్షత్రమునాడు ప్రజలకు వినిపింపవలెనని అశోకచక్రవర్తి ఆజ్ఞాపించెను. అనగా ఇరువదిరెండు శతాబ్దములకు పూర్వమే ఈ తీరమున ప్రభుత్వపు కార్యములు నక్షత్రమును చూచి జరిగెడివి. అనకాపల్లికి దాపుననే శంకరము గ్రామముకడ బొజ్జన్నకొండ, లింగాలకొండ లున్నవి. సంఘారామ శబ్దమే శంకరముగా మారినదని చెప్పుదురు. 1906 ప్రాంతమున అలెగ్జాండర్ రే త్రవ్వించి వెలికితీసిన ఆ స్తూపముల నడుమ, రాతిగుహలలో, బౌద్ధభిక్షువులు వసించిరి. వారికి గడియారమును తేదీపట్టికయు చంద్రుడే. పూర్ణిమకును అమావాస్యకును ఉపోసథము, ఆషాఢ పూర్ణిమ దాటినతోడనే వర్షావాసము, వైశాఖ పూర్ణిమనాడు బుద్ధభగవానుని స్మరణము. కనుమనాడు ఆ కొండకు తీర్థముగా వచ్చెడి జనసమూహములలో ఎందఱకీ సంగతి తెలియునో గాని, మాసనామములను గూర్చి పిల్లలకు పాఠము చెప్పదలచిన ఉపాధ్యాయునికి అంతకంటె తగిన తావు ఈ జిల్లాలో లేదు.

ఇంగ్లీషు నెలల చరిత్ర పొట్టిది, దాని తీరు వేఱు. ద్వారదేవతయగు జేనస్ పేర జనవరి, యుద్ధదేవతయగు మార్స్ పేర మార్చి, జూనో దేవి పేర జూన్ ఏర్పడినవని చెప్పుదురు. ఏప్రిలు విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. జూలియస్ సీజరు పేర క్రీ.పూ. 44లో జూలైయు, అగస్టస్ చక్రవర్తి పేర క్రీ.పూ. 8లో ఆగస్టును వచ్చినవి. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరులన్నవి రోమనుల తొలినాటి లెక్కలో మార్చినుండి ఏడవ, ఎనిమిదవ, తొమ్మిదవ, పదవ నెలలు. సప్తాంబరము, అష్టాంబరము మొదలగు సంస్కృత శబ్దములనుండియే ఈ పేర్లు పుట్టినవని మనలో కొందఱు సభలలో చెప్పి చప్పట్లు అందుకొనుచుందురు. అది సరికాదు. లాటిను సెప్టెమునకును సంస్కృత సప్తకును పోలిక యుండుట ఆ రెండును ఒకే తల్లికి పుట్టిన భాషలగుటచేత వచ్చినదే గాని ఒకదానినుండి మఱియొకటి ఎరువు తెచ్చుకొనుటచేత కాదు. లేని గొప్పను కల్పించుకొనుటకు మనకేమి అవసరము? చైత్ర వైశాఖాదుల యందున్న గొప్ప చాలదా? ఈ విదేశీ నామములు కంపెనీవారి కచేరీలద్వారా పన్నుల రశీదులలోనికి, అచ్చటినుండి పల్లెలోనికి వచ్చినవి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1855 నుండి జూలై 1వ తేదీన మొదలయ్యెడి ఫసలీ లెక్క వానికి తోడయ్యెను. గ్రామకరణము వ్రాసిన అడంగలు లిప్పటికిని ఫసలీ సంఖ్యతోనే గుర్తింపబడుచున్నవి.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప దేశమున అసంఖ్యాకములైన పంచాంగములను చూచి, ఒక జాతీయ లెక్క కావలెనని ప్రభుత్వము 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. 1955లో నివేదిక వచ్చినది; 1957 మార్చి 22వ తేదీన శక 1879 చైత్రము 1వ తేదీతో ఆ లెక్క అమలులోనికి వచ్చెను. అందు పేర్లు చుక్కలవే గాని నడక సూర్యునిది. కనుక రాజపత్రమున అచ్చగు చైత్రమునకును మన ఉగాదితో మొదలగు చైత్రమునకును పొత్తు కుదరదు. ప్రజ లా లెక్కను స్వీకరింపలేదు. కాని ఆ సంఘము ఎత్తిచూపిన లోపము నిజమైనది. పూర్వము మకర సంక్రమణమును ఉత్తరాయణారంభమును ఒకే దినమున వచ్చెడివి. నేడు సూర్యుడు ఉత్తరమునకు తిరుగునది డిసెంబరు 22 ప్రాంతమున, మనము సంక్రాంతి జరుపుకొనునది జనవరి నడుమ. భూమి ఇరుసు మెల్లగా దిక్కు మారుచుండుటచేత 72 ఏండ్లకు ఒక దినము చొప్పున ఈ ఎడము పెరుగుచునేయున్నది. ఇట్లే జరిగినచో వేల సంవత్సరములకు చైత్రము పేరు చైత్రముగనే యుండి, వసంతము దానిని విడిచిపోవును. చిత్తను విడువక యుండుట మన లెక్కకు బలము. ఋతువును విడిచిపోవుట దాని బలహీనత. ఈ రెంటిని ఒకేసారి నిలుపుట ఎవరికిని సాధ్యము కాదని ఒప్పుకొనుట మేలు.

ఆకాశమును చూచుట మన ప్రాంతమునకు పరాయి విద్య కాదు. గోడే వేంకట జగ్గారావుగారు 1840లో విశాఖపట్టణమునందు తమ స్వంత వ్యయముతో వేధశాలను నెలకొల్పిరి. వారి అల్లుడు అంకితము వేంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమును దాటుటను ఆ వేధశాలనుండి పరిశీలించిరి. అంతటి యంత్రములు మనకు లేకున్నను నష్టము లేదు. మాసనామములను పరీక్షించుటకు కన్నులు చాలును. పూర్ణచంద్రుని వెలుగులో చిన్న చుక్కలు మాసిపోవును గనుక కార్తికమున పిల్లలకోడి యని మనము పిలిచెడి కృత్తికలను చూడదలచినవారు చంద్రబింబమును చేతితో మఱుగుచేసికొని చూడవలెను, లేదా పున్నమికి నాలుగు దినములు ముందో వెనుకో చూడవలెను. చైత్రమున చిత్త, జ్యేష్ఠమున ఎఱ్ఱని జ్యేష్ఠ, మాఘమున మఖ పెద్ద చుక్కలు, వెన్నెలలోను తెలియును. పంచాంగమున నాటి నక్షత్రము పేరు చూచుకొని మేడ యెక్కినచో చంద్రుని చెంతనే ఆ చుక్క కనబడును. అధికమాసము గడచిన యేట ఒక నక్షత్రము అటు నిటు కావచ్చును, అంతే. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఈ పన్నెండు పేర్లను వల్లె వేయించుటతో సరిపెట్టక, ఏడాదిలో పన్నెండు పున్నములు పిల్లలను ఆరుబయటికి తీసికొనివచ్చి వానిని చూపవలెనని నా విన్నపము.